మీ ఊరేది?

ఏప్రిల్ నెల వచ్చిందంటే మన బడులలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. టీసీ పట్టుకొని కొత్త తరగతిలో అడుగుపెట్టిన పిల్లవాణ్ణి పక్క బెంచీవాళ్లు ముందు పేరు అడుగుతారు. ఆ వెంటనే "మీ ఊరేది?" అంటారు. పేరు చెప్పడం తేలికే, ఊరు చెప్పడమే కష్టం. నాన్నగారిది విజయనగరం. అమ్మది వరంగల్లు. తాను పుట్టింది జబల్‌పూర్‌లో. ఒకటో తరగతి చదివింది జోర్హాట్‌లో. మొన్నటిదాకా ఉన్నది భుజ్‌లో. వీటిలో తన ఊరేదని చెప్పాలి? బదిలీ ఉద్యోగుల ఇళ్లలో పెరిగే మనందరికీ ఈ తడబాటు తెలుసు.

ఈ ప్రశ్న జీవితమంతా వెంటాడిన ఒక మనిషి గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. ఆయన అమెరికా పౌరుడు, పుట్టింది చైనాలో. మత ప్రచారకుడిగా పని మొదలుపెట్టి, ఒక గొప్ప విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టి, చివరకు రాయబారి అయ్యాడు. ఆయన పేరు జాన్ లెయిటన్ స్టూవర్ట్. చైనావాళ్లు ఆయనను సితూ లెయ్‌దెంగ్ అని పిలిచేవారు.

హాంగ్‌జౌ పిల్లవాడు

తూర్పు చైనాలో హాంగ్‌జౌ అనే నగరం ఉంది. పట్టుకూ తేయాకుకూ పేరు పొందిన ఊరు. ఊరి పక్కనే అందమైన పడమటి సరస్సు. 1876 జూన్ 24న లెయిటన్ అక్కడ పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికా నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు. తండ్రి మతబోధ చేసేవాడు. తల్లి మేరీ హోర్టన్ ఆడపిల్లల బడి నడిపేది. ఆ రోజుల్లో చైనాలో ఆడపిల్లను బడికి పంపే ఇళ్లు చాలా తక్కువ.

అసలు అమెరికా మిషనరీలు అంత దూరం ఎలా వెళ్లగలిగారో కూడా మనం తెలుసుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ చైనా మీద నల్లమందు యుద్ధాలు చేసింది. ఆ నల్లమందు చాలావరకు మన దేశంలో పండించి పంపినదే. యుద్ధాలలో ఓడిన చైనా చేత విదేశాలు కొన్ని ఒప్పందాలు రాయించుకున్నాయి. వాటి బలంతోనే విదేశీ వ్యాపారులూ మత ప్రచారకులూ ఆ దేశంలో స్థిరపడ్డారు. అందుకే మిషనరీల బడులనూ ఆసుపత్రులనూ చైనా ప్రజలు వాడుకున్నారు గానీ, వాటిని చూసినప్పుడల్లా తమ ఓటమిని కూడా గుర్తు చేసుకున్నారు. స్టూవర్ట్ కథలో ఈ రెండూ చివరిదాకా కలిసే నడుస్తాయి.

ఈ సంగతులేవీ చిన్న లెయిటన్‌కు తెలియవు. నలుగురు అన్నదమ్ములలో అతనే పెద్దవాడు. హాంగ్‌జౌ యాసలో మాట్లాడుతూ, ఆ వీధుల్లో ఆడుకుంటూ పెరిగాడు. పదకొండేళ్లు వచ్చాక తల్లిదండ్రులు అతన్ని అమెరికాలోని మొబైల్ అనే ఊళ్లో బంధువుల ఇంట్లో చదువుకు ఉంచి, తాము చైనాకు తిరిగి వెళ్లిపోయారు.

అందరూ అది అతని సొంత దేశమనే అన్నారు. కానీ అక్కడి పిల్లలకు అతను వింతగా కనిపించాడు. బట్టలు పాతకాలం తీరువి. ఇంగ్లీషు పుస్తకాల ఇంగ్లీషు. ఈడు పిల్లలు అతని మాటను వెక్కిరించారు, చైనా నుంచి వచ్చాడని ఆట పట్టించారు. కొత్త బడిలో మన హిందీ విని ఎవరైనా నవ్వితే మనకెలా ఉంటుందో, సొంత భాషలోనే పరాయివాడైన ఆ పిల్లవాడికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వద్దనుకున్న పని

ఇక్కడొక ఆశ్చర్యకరమైన విషయం ఉంది. లెయిటన్‌కు మిషనరీ కావాలని బొత్తిగా లేదు. వీధి మొగలో నిలబడి, వింత చూడడానికి మూగిన జనానికి కేకలేసి బోధించడం చిన్నప్పుడు చూశాడు. తానూ ఆ పనే చేయాలంటే అతనికి మనసొప్పలేదు. వర్జీనియా రాష్ట్రంలో కళాశాల చదువు, ఆ తరువాత మతశాస్త్రం చదువు పూర్తి చేశాడు. చాలాకాలం తనలో తాను తర్కించుకున్నాక, చివరకు చైనాకే వెళ్లాలని నిశ్చయించుకున్నాడు. 1904లో ఎలీన్ రాడ్ అనే యువతిని పెళ్లి చేసుకొని, ఆమెతో కలిసి ఓడెక్కాడు. దిగింది మళ్లీ హాంగ్‌జౌలోనే.

1908లో నాన్‌జింగ్ నగరంలోని మతశాస్త్ర కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. గ్రీకు భాష నేర్పాడు. చైనా విద్యార్థులు గ్రీకు నేర్చుకోవడానికి వీలుగా పుస్తకాలు రాశాడు. ఆయనకు తగిన పని వీధి బోధ కాదనీ, తరగతి గది అనీ అందరికీ అర్థమైంది.

రెండు కళాశాలల తగాదా

1919లో ఆయనకు బీజింగ్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ రెండు మిషనరీ కళాశాలలను కలిపి ఒక విశ్వవిద్యాలయం చేయాలనుకున్నారు. కానీ కలిసిన సంస్థకు ఏ పేరు పెట్టాలన్న దగ్గరే పని ఆగిపోయింది. మా కళాశాల పేరే ఉండాలని ఇరువైపుల పూర్వ విద్యార్థులూ పట్టుబట్టారు. చేతిలో డబ్బు లేదు, సొంత స్థలం లేదు. విద్యార్థులు వందమందికి లోపే. ఆ పదవి తీసుకోవద్దని మిత్రులు సలహా ఇచ్చారు. అయినా స్టూవర్ట్ ఒప్పుకున్నాడు.

ఆ ఏడాది చైనాలో మరో పెద్ద సంఘటన జరుగుతోంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి శాంతి ఒప్పందంలో చైనాలోని షాన్‌డాంగ్ ప్రాంతపు హక్కులను జపానుకు కట్టబెట్టారు. దాన్ని నిరసిస్తూ మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఎందరినో అరెస్టు చేశారు. స్టూవర్ట్ కొత్త అధ్యక్షుడిగా మొదటి ఉపన్యాసం ఇచ్చిన రోజున సభలో విద్యార్థులు కొద్దిమందే ఉన్నారు. మిగిలినవారంతా జైలు నుంచి విడుదలైన తోటి విద్యార్థులకు స్వాగతం చెప్పడానికి వెళ్లారు. ఈ తరం విద్యార్థులకు తమ దేశమే ముఖ్యమని ఆయనకు మొదటి రోజే తెలిసివచ్చింది.

పేరు తగాదా చివరకు ఇలా తీరింది. రెండు పాత పేర్లనూ పక్కన పెట్టి, బీజింగ్‌కు ఉన్న ప్రాచీన నామం 'యెన్‌చింగ్' తీసుకున్నారు. యెన్ అనే పూర్వపు రాజ్యానికి రాజధాని అని ఆ మాటకు అర్థం. ఎవరి పేరూ గెలవలేదు కాబట్టి ఎవరూ ఓడిపోలేదు. పేరు చైనా నేలది. అందరికీ నచ్చింది.

పేరులేని సరస్సు ఒడ్డున

ఇక స్థలం కావాలి. నగరం చుట్టుపక్కల ఎంతో వెతికాక, వాయవ్య దిశలో రాజవంశాల కాలపు పాత ఉద్యానవనం ఒకటి కనిపించింది. అది అప్పటికి ఒక సైనిక పాలకుడి ఆస్తి. స్టూవర్ట్ అతని దగ్గరకు వెళ్లి మాట్లాడాడు. అతను స్థలం అమ్మడమే కాదు, వచ్చిన సొమ్ములో కొంత భాగాన్ని విద్యార్థుల ఉపకార వేతనాలకు తిరిగి ఇచ్చాడు.

భవనాలకు నమూనా గీసినవాడు హెన్రీ మర్ఫీ అనే అమెరికా వాస్తుశిల్పి. ఏటవాలు పెంకుల కప్పులు, ఎర్రని స్తంభాలు, రంగుల దూలాలతో బయటి రూపమంతా చైనా పద్ధతిలో ఉంచారు. లోపల మాత్రం ఆధునిక సౌకర్యాలు. నీళ్ల ట్యాంకును కూడా 13 అంతస్తుల పగోడాలా కట్టారు. దాని పక్కన ఒక సరస్సు. దానికి ఏ పేరు పెట్టాలో తేలక, చివరకు 'పేరులేని సరస్సు' అనే పేరే స్థిరపడింది. 1926లో విశ్వవిద్యాలయం అక్కడికి మారింది. అదే ఏడాది ఎలీన్ కన్నుమూసింది. ఆమెను యెన్‌చింగ్ శ్మశానంలోనే సమాధి చేశారు. స్టూవర్ట్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఇంత పనికి డబ్బు ఎక్కడిది? 1922 నుంచి 1937 లోపల స్టూవర్ట్ పదిసార్లు అమెరికా వెళ్లి చందాలు అడిగాడు. అది ఆయనకు ఏమాత్రం ఇష్టం లేని పని. బిచ్చగాడిని చూసినప్పుడల్లా తానూ ఆ కులంవాడినే అనిపిస్తుందని తన మీద తానే హాస్యమాడుకునేవాడు. ఒక పెద్ద సాయం అల్యూమినియం నుంచి వచ్చింది. విద్యుత్తుతో అల్యూమినియాన్ని చవకగా తీసే పద్ధతిని 1886లో కనిపెట్టినవారిలో ఒకడైన చార్లెస్ మార్టిన్ హాల్ గురించి మన సైన్సు పుస్తకాలలో చదువుకుంటాం. ఆయన విడిచి వెళ్లిన ఆస్తిలోంచి వచ్చిన నిధులతోనే 1928లో హార్వర్డ్-యెన్‌చింగ్ సంస్థ ఏర్పడింది. చైనా చరిత్ర, సాహిత్యాల మీద పరిశోధనకు అది ఈనాటికీ తోడ్పడుతోంది.

ఎవరి విశ్వవిద్యాలయం?

భవనాల రూపం చైనాది అయినంత మాత్రాన విద్యాలయం చైనాది అవుతుందా? ఈ ప్రశ్నను స్టూవర్ట్ తనకు తానే వేసుకున్నాడు. ఆయన చేసిన మూడు పనులు గమనిద్దాం. మొదటిది, విద్యార్థులు ప్రార్థనకు రావాలన్న నిర్బంధం తీసివేశారు. ఇష్టమున్నవారు వస్తారు, లేనివారు రారు. రెండవది, చైనా అధ్యాపకులకూ విదేశీ అధ్యాపకులకూ జీతాల విషయంలో ఒకే పద్ధతి పెట్టారు. మూడవది, చైనా ప్రభుత్వ నియమం ప్రకారం సంస్థను నమోదు చేసి, ఆ దేశపు పండితుడు వూ లెయ్‌చువాన్‌ను పెద్ద పదవిలో కూర్చోబెట్టారు. ఇవన్నీ అమెరికాలో చందాలిచ్చే కొందరు భక్తులకు నచ్చలేదు. మతం కోసమే పెట్టిన కళాశాలలో మతం తగ్గిపోతోందని వారు నొచ్చుకున్నారు. సత్యాన్ని వెతికేవారికి స్వేచ్ఛ ఉండాలనీ, ఆ స్వేచ్ఛ సేవకు ఉపయోగపడాలనీ స్టూవర్ట్ నమ్మాడు. విశ్వవిద్యాలయ ఆదర్శవాక్యం సారం కూడా అదే.

అక్కడ చదివినవారిలో ముగ్గురిని గుర్తుంచుకుందాం. బింగ్ షిన్ చైనాలో పిల్లల కోసం రాసిన గొప్ప రచయిత్రి. మన రవీంద్రనాథ్ ఠాగూర్ గీతాంజలిని చైనా భాషలోకి తెచ్చింది ఆమే. 1929లో యెన్‌చింగ్ ఆవరణలోనే జరిగిన ఆమె పెళ్లిని స్టూవర్ట్ స్వయంగా జరిపించాడు. రెండవవాడు ఫెయ్ షియావోతోంగ్, చైనా గ్రామాలను అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త. మూడవవాడు హువాంగ్ హువా. ఇతని పేరు మరికొంతసేపటికి మళ్లీ వస్తుంది.

జైలు

1937లో జపాను సైన్యం బీజింగ్‌ను ఆక్రమించింది. చాలా విశ్వవిద్యాలయాలు దూర ప్రాంతాలకు తరలిపోయాయి. యెన్‌చింగ్ మాత్రం అమెరికా సంస్థ కాబట్టి అక్కడే నిలిచింది. ఎక్కడికీ పోలేని విద్యార్థులకు అదే ఆశ్రయమైంది. 1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బర్ మీద దాడి చేయగానే ఆ రక్షణ పోయింది. సైనికులు విశ్వవిద్యాలయాన్ని మూసివేశారు. తియాన్‌జిన్‌లో ఉన్న స్టూవర్ట్‌ను పట్టుకొని బీజింగ్‌కు తెచ్చి నిర్బంధించారు.

అలా మూడేళ్ల ఎనిమిది నెలలు గడిచాయి. ఆయనతో పాటు బంధించినవారిలో బీజింగ్ వైద్య కళాశాల అధిపతి హెన్రీ హౌటన్ కూడా ఉన్నాడు. ఆ గదుల్లోనే స్టూవర్ట్ తన జీవితకథ రాయడం మొదలుపెట్టాడు. ఈలోగా అధ్యాపకులూ విద్యార్థులూ కొందరు పడమటి చైనాలోని చెంగ్‌దూ చేరి, 1942లో అక్కడ యెన్‌చింగ్‌ను మళ్లీ తెరిచారు. 1945 ఆగస్టులో జపాను లొంగిపోయాక స్టూవర్ట్ విడుదలయ్యాడు. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. విశ్రాంతి తీసుకోలేదు. ఆ అక్టోబరులోనే బీజింగ్‌లో తరగతులు మొదలయ్యాయి.

రాయబారి

1946 జులైలో అమెరికా ప్రభుత్వం ఆయనను చైనాలో తన రాయబారిగా నియమించింది. అప్పుడు చైనాలో చియాంగ్ కై షేక్ జాతీయ ప్రభుత్వానికీ, మావో నాయకత్వంలోని కమ్యూనిస్టులకూ అంతర్యుద్ధం సాగుతోంది. రెండువైపులా స్టూవర్ట్‌ను ఎరిగినవారున్నారు. రాజీ కుదర్చడానికి ఆయనే తగినవాడని అనుకున్నారు.

రాజీ కుదరలేదు. ఎందుకు కుదరలేదో ఆలోచిస్తే ఆయన ఇరకాటం అర్థమవుతుంది. ఒక చేత్తో సంధి మాట్లాడుతున్న అమెరికా, రెండో చేత్తో చియాంగ్ ప్రభుత్వానికి ఆయుధాలూ డబ్బూ ఇస్తోంది. విద్యార్థులు అమెరికాకు వ్యతిరేకంగా ఊరేగింపులు తీశారు. 1948లో స్టూవర్ట్ ఆ విద్యార్థులను తప్పుపడుతూ బహిరంగంగా ప్రకటన చేశాడు. విద్యార్థులు తీవ్రంగా బదులిచ్చారు. ఒకప్పుడు ఇలాంటి పిల్లల మధ్యే నిలిచిన గురువు ఇప్పుడు వారికి ఎదురుగా నిలబడ్డాడు. గురువుగా ఉన్నంతకాలం తన మాట తాను మాట్లాడవచ్చు. రాయబారి నోట వచ్చేది తన దేశం మాట.

1949 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు సేనలు నాన్‌జింగ్‌లో ప్రవేశించాయి. జాతీయ ప్రభుత్వం దక్షిణాదికి తరలిపోయింది. స్టూవర్ట్ మాత్రం నాన్‌జింగ్‌లోనే ఉండిపోయాడు. కొత్త పాలకుల తరఫున ఆయనతో మాట్లాడడానికి వచ్చిన అధికారి ఎవరో తెలుసా? హువాంగ్ హువా. ఒకనాటి యెన్‌చింగ్ విద్యార్థి. తరువాతి కాలంలో చైనా విదేశాంగ మంత్రి అయ్యి, 1981లో మన దేశానికి కూడా వచ్చినవాడు.

ఏటా తన పుట్టినరోజు వేళకు యెన్‌చింగ్ వెళ్లడం స్టూవర్ట్‌కు అలవాటు. ఈసారి కూడా బీజింగ్ రావచ్చనీ, అక్కడి నాయకులను కలుసుకోవచ్చనీ జూన్ చివర హువాంగ్ హువా కబురు తెచ్చాడు. ఆయన కట్టిన విశ్వవిద్యాలయం అక్కడుంది, భార్య సమాధి అక్కడుంది. రెండు దేశాల మధ్య మాట కలిపే అవకాశం కూడా అక్కడే ఉంది. ఆయన వాషింగ్టన్‌ను అనుమతి అడిగాడు. వెళ్లవద్దని ఆజ్ఞ వచ్చింది. ఆయన వెళ్లలేదు.

బదిలీ ఉత్తర్వు అంటే ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు. పెద్దవాళ్లకు ఎంత ఇష్టం లేకపోయినా సామాను కట్టక తప్పదు. స్టూవర్ట్‌కు వచ్చినది అంతకన్నా కఠినమైన ఉత్తర్వు. వెళ్లి ఉంటే చరిత్ర మారేదా లేదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన మటుకు మళ్లీ యెన్‌చింగ్‌ను చూడలేకపోయాడు.

1949 ఆగస్టు 2న విమానంలో నాన్‌జింగ్ విడిచి వెళ్లాడు. అదే నెల 18వ తేదీతో ఆయనకు వీడ్కోలు చెబుతున్నట్టు మావో ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయనను అమెరికా దురాక్రమణ విధానం ఓటమికి గుర్తుగా చూపించాడు. ఆ వ్యాసం పాఠ్యపుస్తకాలకెక్కింది. తరాల తరబడి చైనా పిల్లలకు స్టూవర్ట్ అంటే ఆ పాఠంలో కనిపించే మనిషే.

తిరిగి హాంగ్‌జౌకు

అమెరికా చేరిన కొద్ది నెలలకే ఆయనకు పక్షవాతం వచ్చింది. సొంత ఇల్లు లేదు. ఆయనను తన ఇంట ఉంచుకొని చూసుకున్నవాడు ఫూ జింగ్‌బో. యెన్‌చింగ్ నాటి నుంచి ఆయన వెన్నంటి ఉన్న చైనా శిష్యుడూ, కార్యదర్శీ. ఆ కుటుంబం దాదాపు పదమూడేళ్లు ఆయనను ఇంటి పెద్దలా చూసుకుంది. 1962 సెప్టెంబరు 19న వాషింగ్టన్‌లో స్టూవర్ట్ కన్నుమూశాడు. తన చితాభస్మాన్ని యెన్‌చింగ్‌లో భార్య సమాధి పక్కన ఉంచాలని వీలునామాలో రాసుకున్నాడు.

కానీ అప్పటికి యెన్‌చింగ్ లేదు. 1952లో చైనా ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, విభాగాలను వేర్వేరు విశ్వవిద్యాలయాలలో కలిపింది. ఆ ఆవరణలోకి బీజింగ్ విశ్వవిద్యాలయం వచ్చింది. పగోడా, పేరులేని సరస్సు ఈనాడు ఆ విశ్వవిద్యాలయానికే గుర్తులు. ఆ ఒడ్డున కూర్చొని వేలాది విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటున్నారు.

చాలా ఏళ్లు ఎదురుచూశాక, 2008 నవంబరు 17న ఫూ జింగ్‌బో కుమారుడు ఆ చితాభస్మాన్ని హాంగ్‌జౌకు తెచ్చాడు. అక్కడి శ్మశానవాటికలో సమాధి చేశారు. భార్య పక్కన ఉండాలన్న కోరిక తీరలేదు. పుట్టిన ఊరు మాత్రం ఆయనను తిరిగి తీసుకుంది. సమాధి రాతి మీద, యెన్‌చింగ్ విశ్వవిద్యాలయ తొలి అధ్యక్షుడు అని చెక్కారు. చిన్నప్పుడు ఆయన ఉన్న ఇంటిని ఆ నగరం భద్రపరిచింది.

ఇప్పుడు మన ప్రశ్నకు తిరిగి వద్దాం. స్టూవర్ట్ ఊరేది? పాస్‌పోర్టు అమెరికా అంటుంది. ఆయన నాలుక హాంగ్‌జౌ అంటుంది. మావో వ్యాసం ఆయనను పరాయివాడంటుంది. సమాధి రాయి ఆయన కట్టిన బడి పేరు చెబుతుంది. పుట్టినంత మాత్రాన ఒక ఊరు మనదైపోదని ఆయన జీవితం చూపిస్తుంది. ప్రేమించినంత మాత్రాన ఆ ఊరివాళ్లు మనల్ని ఒప్పుకోవాలని కూడా లేదు. కానీ ఒక చోట మనం నాటిన మంచి పని, మనం వెళ్లిపోయాక కూడా అక్కడ నీడనిస్తుంది. ఏ ఊళ్లో మూడేళ్లున్నా, ఆరేళ్లున్నా, ఆ బడి తోటలో ఒక మొక్క నాటవచ్చు. గ్రంథాలయానికి ఒక పుస్తకం ఇవ్వవచ్చు. కొత్తగా వచ్చి బెంచీ చివర కూర్చున్న పిల్లవాడి మాటకు నవ్వకుండా, వాడి పక్కన చోటు చూపించవచ్చు. అప్పుడు "మీ ఊరేది?" అని ఎవరైనా అడిగితే మనం ఒక్క పేరుతో ఆగనక్కరలేదు.

ఆలోచిద్దాం

1. విశ్వవిద్యాలయం పేరు తగాదాను తీర్చిన పద్ధతిలో మీకు నచ్చిన అంశమేమిటి? మీ తరగతిలో అటువంటి తగాదా వస్తే ఎలా తీరుస్తారు?
2. మిషనరీ విద్యాలయాల పట్ల చైనా ప్రజలకు ఆదరణ, అనుమానం రెండూ ఎందుకు ఉన్నాయి?
3. 1949 జూన్‌లో మీరు స్టూవర్ట్ స్థానంలో ఉంటే ఆజ్ఞ పాటించేవారా, బీజింగ్ వెళ్లేవారా? కారణాలు రాయండి.
4. మీరు విడిచి వచ్చిన ఒక ఊరి గురించి, అక్కడ మీరు మిగిల్చి వచ్చిన ఒక మంచి పని గురించి పది వాక్యాలు రాయండి.